ఆ రోడ్డు ఎందుకు వంకర తిరిగిందంటే

పోయిన నెల మా ఇంటికి ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. జనగామ నుంచి దేవరుప్పుల వైపు పోయే దారిలో చీలే ఒక పాత రోడ్డును వెడల్పు చేసే పని అతనికి అప్పగించారట. పాత కాగితాల్లో నా సంతకం కనబడిందట. మనిషి ఇంకా బతికే ఉన్నాడని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చాడు. టీ తాగినంతసేపు మర్యాదగానే ఉన్నాడు. కప్పు కింద పెట్టి అసలు సంగతి అడిగాడు.

"సార్, ఏమనుకోకున్రి. సక్కగ పోవాల్సిన రోడ్డు, చెరువు దగ్గరికి రాంగనే మిట్టెక్కి, గంత దూరం వంకర తిరిగి ఊర్లకు పోతది. గప్పట్ల దాన్ని ఏసినోళ్లు ఏమన్న తాగి ఏసిన్రా?"

నాకు ముక్కు మీద కోపం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ దానివల్ల నష్టపోయాను, రిటైరయ్యాక కూడా అది నాతో రిటైరు కాలేదు. కానీ ఆ పిల్లవాడి ముఖం చూస్తే, ఇరవై మూడేళ్ల వయసులో టోపీ పెట్టుకుని తిరిగిన నేనే గుర్తొచ్చాను. నవ్వొచ్చింది.

"తాగే వేసినం బిడ్డా. అంబలి తాగి వేసినం. కూసో, చెప్త," అన్నాను.

అతనికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. పటం ముందు స్కేలు పట్టుకుని కూర్చునే ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు చదివితే మంచిది. ఎవరి పేర్లూ రాయను. కొందరు వెళ్లిపోయారు, కొందరి మనవలు నాకు బజారులో నమస్కారం పెడుతుంటారు.

అవి పోలీసు చర్య జరిగిన తర్వాతి రోజులు. నిజాం పోయాడు, రజాకార్లు పోయారు, కానీ దొరల మీద రైతుల పోరాటం ఆగలేదు. అడవుల్లో దళాలు, ఊళ్లలో మిలటరీ క్యాంపులు. జనగామ అప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండేది. నేను కొత్తగా ఓవర్సీరునయ్యాను. ఖాకీ నిక్కరు, ఖాకీ టోపీ, చంకలో పటాల చుట్ట. ఖాకీని చూస్తే చాలు, ఊళ్లో జనం తలుపులు వేసుకునేవాళ్లు. నాకంత గౌరవం ఇస్తున్నారని నేను మురిసిపోయేవాణ్ణి. సిగ్గు లేకుండా చెప్తున్నాను, నిజంగానే అలా అనుకున్నాను.

నాకు అప్పగించిన ఊళ్లో సగం ఇళ్లు రజాకార్ల కాలంలో తగలబడ్డాయి. ఆ ఇళ్లవాళ్లు చెరువు కట్ట వెంట తాటాకు గుడిసెలు వేసుకుని ఉన్నారు. ఆ ఊరికి ఒక రోడ్డు, ఒక మంచినీళ్ల బావి, ఇళ్లు కాలినవాళ్లకు ఇళ్ల జాగాలు ఇవ్వాలని కొత్త ప్రభుత్వం అనుకుంది. మా పెద్ద ఇంజనీరు హైదరాబాదు మనిషి. ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడేవాడు. తెలివైనవాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

"ఇండ్ల జాగల గురించి పరేషాన్ కాకు మియా," అన్నాడు నాతో. "ముందు రోడ్డు గీత గియ్యి. రోడ్డు ఎటు పోతే దుకాణం అటు పోతది, దుకాణం ఎన్క ఇల్లు పోతది. ఊరు ఎక్కడుండాలో చెప్పేది రోడ్డే. సమ్‌ఝే?"

సమ్‌ఝా అన్నాను. పెద్ద రోడ్డు మీది నుంచి ఊళ్లోని చావడి దాకా పటం మీద స్కేలు పెట్టి ఒకే ఒక గీత గీశాను. అది చెరువు కింద పల్లపు భూముల్లోంచి, ఆ ఊరి దొర ఉండే కోటలాంటి గడి పక్కగా తిన్నగా పోయింది. ఎండాకాలం. నేల పెంకులా గట్టిగా ఉంది. మిలటరీ లారీలు కూడా సుఖంగా పోతాయని పెద్దసారు మెచ్చుకున్నాడు.

ఆ పల్లపు భూములు దొరవి. దొర హైదరాబాదు పారిపోయాడు కానీ ఆయన గుమాస్తా ఊళ్లోనే ఉన్నాడు. నాకు రెండు పూటలా భోజనం అతని ఇంట్లోనే. "రోడ్డుకు రెండు దిక్కుల ఎంత జాగ కావాల్నంటే అంత ఇస్తం సారూ, ఇండ్లు కూడ ఈడనే ఏసుకోమనున్రి," అనేవాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. పప్పులో నెయ్యి కూడా బాగా వేయించేవాడు.

ఇక నా తప్పులు. వరసగా చెప్తాను.

భూమి కొలవాలంటే గొలుసు లాగే మనుషులు కావాలి. మా శాఖలో అప్పటిదాకా ఆనవాయితీ ఏమిటంటే, ఊరి కావలిమనిషికి కబురు పెడితే అతను ఎవరినో ఇద్దరిని పట్టుకొచ్చేవాడు. వాళ్లు పొద్దంతా గొలుసు లాగి, గుర్తుకు గూటాలనే కొయ్యమేకులు కొట్టి, మా సామాను మోసి ఇంటికి పోయేవాళ్లు. కూలి లేదు. అదే వెట్టి. పోరాటం మొదలయిందే అలాంటి వాటి మీద. ఊళ్లో వెట్టి పోయి మూడేళ్లయింది. ఆ సంగతి నాకు తెలుసు, కానీ నా పనికి కూడా అది వర్తిస్తుందని తోచలేదు. యథాప్రకారం కబురు పెట్టాను.

ఒకే ఒక ముసలాయన వచ్చాడు. బక్కపలచని మనిషి. భుజం మీది తువ్వాల తీయలేదు, చేతులు కట్టుకోలేదు.

"గొలుసు పట్టనీకి రమ్మన్నరట. వెట్టికా, కూలికా?" అని అడిగాడు.

నా టోపీ నా బుర్రను పూర్తిగా మూసేసింది. "ఎప్పుడు ఎట్ల వస్తవో అట్లనే రా," అన్నాను.

"ఎప్పుడొచ్చినట్ల వచ్చే రోజులు పోయినయి సారూ," అని ఆయన వెనక్కి తిరిగి పోయాడు. ఇరవై ఏళ్లు ఆ తాలూకాలో ప్రతి సర్వేకూ ఆ ముసలాయనే గొలుసు లాగాడని గుమాస్తా నవ్వుతూ చెప్పాడు. నేను జనగామ నుంచి ఇద్దరు కూలీలను తెచ్చుకుని గీత మీద గూటాలు పాతించాను.

మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే ఒక్క గూటం లేదు. వెతకగా వెతకగా కనబడ్డాయి. ఊరికి ఉత్తరంగా ఒక మిట్ట ఉంది, ఎర్రమట్టి, రాళ్లు, సర్కారు బంజరు. ఆ మిట్ట వాలు వెంట నా గూటాలన్నీ వరసగా పాతి ఉన్నాయి. పీకి మళ్లీ పల్లంలో పాతించాను. మర్నాడు మళ్లీ మిట్ట మీద. మూడోసారి కూడా అదే కథ.

నాకు ఒళ్లు మండిపోయింది. మిలటరీ క్యాంపు జమాదారు మీసం దువ్వుకుంటూ, "హుకుం ఇవ్వండి, గుడిసెలవాళ్లను నలుగురిని తెచ్చి అడుగుతాం," అన్నాడు. అలా అడగడమంటే ఏమిటో ఆ రోజుల్లో అందరికీ తెలుసు. సరే అనే మాట నా నోటి చివరి దాకా వచ్చింది. 

ఎందుకు ఆగానంటే, మంచితనం వల్ల కాదు. గూటాలు మరీ చక్కగా ఉన్నాయి. పీకి పారేసే మనిషి మళ్లీ అంత ఒద్దికగా ఎందుకు పాతుతాడు? గొలుసు తెప్పించి కొలిచాను. గూటానికీ గూటానికీ మధ్య సరిగ్గా గొలుసు పొడవు ఉంది. జానెడు తేడా లేదు. గొలుసు నా పెట్టెలో తాళం వేసి ఉంది. గొలుసు లేకుండా అంత కచ్చితంగా కొలవగలిగిన మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కడే ఉంటాడని అప్పుడు నా బుర్రకు ఎక్కింది.

చెరువు కట్ట మీది గుడిసెకు వెళ్లాను. ముసలాయన తాడు పేనుతున్నాడు. పక్కన ఆయన కోడలు ఉంది. ముప్పై లోపు వయసు, గట్టి మనిషి.

"గూటాలు జరిపింది నువ్వేనా తాతా?" అని అడిగాను.

"కొలిచింది నేను," అన్నాడాయన. "కండ్లు సరిగ ఆనవు. అడుగులేసుకుంట కొలిచిన. ఇరవై ఏండ్లు లాగిన గొలుసు, కాళ్లకు యాదికుండదా?"

"మోసింది, పాతింది నేను," అంది కోడలు. నన్ను సూటిగా చూసింది. "పట్టుకపోతవా?"

"పట్టుకుపోను. ఎందుకు జరిపిన్రో చెప్పున్రి."

"పీకి పారేస్తే మళ్ల పాతుతవు," అన్నాడు ముసలాయన. "పాతి సూపెడితే ఎప్పటికన్న సూస్తవనుకున్న. మూడు దినాలు పట్టింది నీకు."

లేచి నన్ను పల్లంలోకి తీసుకుపోయాడు. అక్కడొక తుమ్మ చెట్టు ఉంది. పది రోజులుగా నా టోపీ, టిఫిను సంచి ఆ చెట్టు కొమ్మకే తగిలిస్తున్నాను. కొమ్మల నిండా ఎండుగడ్డి చుట్టుకుని ఉండేది.

"గిదేందో ఎరుకనా?" అన్నాడు.

"పిట్ట గూడు."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ముసలాయన నవ్వలేదు. "ఏ పిట్ట కడతది సారూ, చెట్టు చుట్టు గూడు? చెరువు నిండి అలుగు దుంకినప్పుడు కొట్టుకొచ్చిన గడ్డి అది. నీళ్లు గంతెత్తు దాక వస్తయి. నువ్వు టోపీ తగిలించేది నీళ్ల మీద."

గడ్డి నా ఛాతీ ఎత్తున ఉంది. చుట్టూ చూశాను. నా గీత పోయే దారంతా తుమ్మ చెట్లే, ప్రతి చెట్టుకూ అదే ఎత్తున అదే గడ్డి. పది రోజులు కళ్ల ముందున్న దాన్ని చూడని నేను, ప్రభుత్వం జీతమిచ్చి పెట్టుకున్న ఓవర్సీరును.

"మా పాత ఇండ్లు గీ పల్లంలనే ఉండె," అంది కోడలు. "దొర జాగల. రెండేండ్లకోపాలి గోడలు కూలేటియి. కూలినప్పుడల్ల మళ్ల కట్టుకోనీకి ఆయన కాళ్లు పట్టుకునుడు, ఆయన చేన్ల వెట్టి చేసుడు. రోడ్డు ఈడ పడితే ఇండ్లు ఈడనే పడతయి. మా ఆయన పోరాటంల పోయి నల్లగొండ జైల్ల ఉన్నడు. ఎప్పటికన్న ఇడుస్తరు గద. ఆయన వచ్చేటాల్లకు నాకొక ఇల్లు నిలబడాలె సారూ. నీళ్లల కాదు, దొర జాగల కాదు."

గుమాస్తా నెయ్యి ఎందుకు పోయించాడో అప్పుడు తెలిసింది. ఆ పూట నుంచి అతని ఇంట్లో భోజనం మానేశాను. ముసలాయన ఇంట్లో అంబలి తాగాను. ఆమె పోసింది, నేను అడిగి ఇంకో గిన్నె పోయించుకున్నాను.

మిట్ట మీది గీతతో కొత్త పటం వేసి పెద్దసారు ముందు పెట్టాను. ఆయన పటం చూశాడు, నన్ను చూశాడు.

"అర మైలు ఎక్కువ. ఎవరిస్తడు పైసలు? మీ నాయినా?"

ఎండుగడ్డి సంగతి చెప్పాను. ఆయన విన్నాడు, కానీ మంజూరైన సొమ్ము తిన్నటి రోడ్డుకే సరిపోతుందన్నాడు. అది నిజమే. కాసేపు ఆలోచించి, "ఊరి కోసమే గద రోడ్డు. ఊరోళ్లను పైసల్లేకుండ పని చెయ్యమను. అప్పుడు చూద్దాం," అన్నాడు.

మంచి ఉపాయమే దొరికిందనుకుని పరుగెత్తుకుంటూ ఊరికి పోయి చెప్పాను. అది నా రెండో పెద్ద తప్పు. కట్ట మీద కూర్చున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"వెట్టి పోయిందన్నరు," అన్నాడు ముసలాయన మెల్లగా. "పేరు మార్చుకొని మళ్ల వచ్చిందా సారూ?"

 రోడ్డు వాళ్లకు ఎంత అవసరమో వాళ్లకు తెలుసు. అయినా కూలి లేని పనికి ఇంకోసారి తల వంచితే అదెక్కడ ఆగుతుందో కూడా వాళ్లకు తెలుసు. పెద్దసారుకు అదే చెప్పాను. ఆయనకు చిర్రెత్తింది. వచ్చే అంగడి రోజున, అంటే వారం సంత నాడు, కలెక్టరు స్వయంగా వచ్చి గీత ఖాయం చేస్తాడని, ఆ రోజు పాత పటమే పట్టుకుని నిలబడాలని, లేకపోతే నన్ను భూపాలపల్లి అడవుల్లో రోడ్డు పనికి పంపుతానని చెప్పాడు. అప్పట్లో భూపాలపల్లి అంటే పులులు, మలేరియా. మా అమ్మకు తెలిస్తే ఏడుస్తుందనుకున్నాను.

దారి చూపింది మరో మనిషి. జనగామ నుంచి ప్రతి వారం బండి కట్టుకుని ఆ ఊరి అంగడికి వచ్చే గాజుల చాచా. నడివయసు ముస్లిం, గార్లలో పుట్టి, పెళ్లయ్యాక జనగామలో స్థిరపడ్డాడు. నేను బండి పక్కన దిగాలుగా కూర్చుంటే సంగతి అడిగాడు. చెప్పాను.

"గీ అంగడి గూడ పల్లంలనే ఉన్నది గద సాబ్," అన్నాడు. "వానాకాలం నాలుగు నెలలు మాకు బేరాల్లేవు. ఉన్నన్ని రోజులు దొర మనిషికి జాగ కిరాయి. మీ రోడ్డు వంక తిరిగే కాడ, మిట్ట మీద, సర్కారు జాగల మాకు దుకాణానికి తలా ఇంత జాగ హర్రాజు పెట్టి అమ్మున్రి. పైసలు మేం ముందుగాల కడ్తం. ఆ పైసల్తోని కూలి ఇయ్యున్రి."

నోరు తెరుచుకుని ఆయన్ను చూశాను. రోడ్డు పడితే జాగా విలువ పెరుగుతుంది. పెరగబోయే ఆ విలువతోనే రోడ్డు వేయమంటున్నాడు. మా కాలేజీలో ఎవరూ నాకిది చెప్పలేదు.

"నువ్వు కొంటవా చాచా? ఇంకా రోడ్డే లేదు."

"రజాకార్ల గడ్‌బడ్‌ల వాళ్ల ఇండ్లు పోయినయి. దాని ఎన్క జరిగిన గడ్‌బడ్‌ల నా దుకాణం పోయింది," అన్నాడు. "నాకు గూడ నిలబడనీకి జాగ కావాలె సాబ్."

కోడలు అక్కడే గాజులు చూస్తోంది. ఆమె ఇల్లు తగలబెట్టినవాళ్ల మతమూ ఆయన మతమూ ఒకటే. ఆమె ఏమంటుందోనని చూశాను. ఆమె చేతిలోని గాజులు కింద పెట్టింది. "మిట్ట మీద మా ఇండ్ల పక్కనే పెట్టుకో చాచా దుకాణం. గాజులకు నడవనీకి దూరం ఉండదు," అంది.

అంగడి రోజు వచ్చింది. గుమాస్తా పల్లంలో షామియానా వేయించాడు, పీటలు, పూలదండలు, గడి నుంచి తెచ్చిన పెద్ద కుర్చీ. జీపులో కలెక్టరు దిగాడు, వెనక పెద్దసారు. పెద్దసారు నా చేతిలోని పటం వైపు చూశాడు. రెండు పటాలున్నాయి. 

"సార్," అన్నాను కలెక్టరుతో, "కుర్చీలో కూర్చునే ముందు మీ టోపీ ఒక్కసారి ఈ చెట్టుకు తగిలించండి."

అందరూ నాకు పిచ్చెక్కిందనుకున్నారు. కలెక్టరు నవ్వి, టోపీ తగిలించి, కొమ్మకు చుట్టుకున్న గడ్డిని వేళ్లతో నలిపాడు. ఇదేమిటని అడిగాడు. పిట్ట గూడు అనలేదు కాబట్టి నాకన్నా తెలివైనవాడే. ముసలాయనను ముందుకు పిలిచాను. నీళ్లు ఎక్కడ పుట్టి, ఎటు దూకి, ఎన్ని రోజులు నిలుస్తాయో ఆయన చేయి చాపి చెప్పాడు. తర్వాత నేను మిట్ట మీది గీత, దుకాణాల జాగాలు, వాటి వెనక కాలిన ఇళ్లవాళ్లకు జాగాలు, మధ్యలో బావి, అన్నీ ఉన్న రెండో పటం పరిచాను. పెద్దసారు నా వైపు చూడటం మానేశాడు.

"ఆ రాళ్లగుట్టను ఎవడు కొంటడు సర్కార్?" అన్నాడు గుమాస్తా. "ఇయ్యాల మిలటరీ, రేపు దళాలు. పైసలు పెట్టేటోడు పిచ్చోడైతేనే కొనాలె."

"అడిగి చూద్దాం," అన్నాడు కలెక్టరు. మిట్ట మీదికి నడిచాడు. అంగడి మొత్తం వెనక కదిలింది. రోడ్డు వంక తిరిగే చోట నా గూటం పక్కన నిలబడి, మొదటి జాగా ఎవరికి కావాలని అడిగాడు.

 జనం నేల చూస్తున్నారు. గుమాస్తా ముఖంలో నవ్వు మొదలైంది. గాజుల చాచా కనబడలేదు. మోసపోయానని, భూపాలపల్లి పులులు నాకోసమే ఎదురుచూస్తున్నాయని అనుకున్నాను. అంతలో కింది నుంచి ఎద్దుల గంటలు వినబడ్డాయి. చాచా బండిని గాజుల పెట్టెలతో సహా మిట్ట మీదికి తోలుకొచ్చాడు. గూటం దగ్గర ఎద్దులను విప్పాడు.

"నాది గీడ," అన్నాడు. "ఇగ కిందికి దిగ."

ఆ తర్వాత ఉప్పు అమ్మే అవ్వ ఒకామె తన గంపను చాచా బండి పక్కన దించి, "నాది దాని పక్కన," అంది. ఆమె వెనక ఒక కమ్మరి, ఆ వెనక బట్టలాయన. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కూలికి కావలసిన దాంట్లో సగానికి మించి వచ్చింది. మిగతాది తాను మంజూరు చేస్తానన్నాడు కలెక్టరు. రెండు షరతులు రాయించాడు. ఇళ్ల జాగాలు కాలిన ఇళ్లవాళ్లకే, పనికి వచ్చిన ప్రతి మనిషికీ కూలి.

జీపు ఎక్కేముందు పెద్దసారు నన్ను పక్కకు పిలిచాడు. తిడతాడనుకున్నాను.

"ఇరవై ఐదేండ్లల్ల నేనెన్ని గీతలు గీసిన్నో లెక్క లేదు," అన్నాడు. "నా గూటం ఒక్కటి గూడ ఎవ్వడు జరపలే. భయానికి." కాసేపు మిట్ట వైపు చూశాడు. "రోడ్డు పూర్తి చెయ్యి. తర్వాత భూపాలపల్లి పో. నా మాట గూడ నిలబడాలె గద."

పని మొదలైన రోజు పొద్దున ముసలాయన అందరికన్నా ముందు వచ్చాడు. హాజరు పుస్తకం తెరిచి ఉంది.

"ముందు నా పేరు రాయి," అన్నాడు. రాశాను. రాసిన చోట వేలు పెట్టి, "ఇదేనా?" అని అడిగాడు. ఇదే అన్నాను. ఆ అక్షరాలను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఇరవై ఏళ్లు సర్కారు గొలుసు లాగిన మనిషి పేరు సర్కారు కాగితం మీదికి ఎక్కడం అదే మొదటిసారి. గొలుసు ఒక కొస చేతికి తీసుకున్నాడు. రెండో కొస నా వైపు చాపాడు.

"కూలోళ్లు ఇంక రాలే. నువ్వు పట్టు సారూ."

ఓవర్సీర్లు గొలుసు పట్టరు. నేను పట్టాను. మిట్ట వాలు వెంట మేమిద్దరం మొదటి కొలత వేశాం. ఆయన కాళ్లతో కొలిచిన దానికీ గొలుసు చెప్పిన దానికీ తేడా రాలేదు.

వర్షాకాలానికి ముందు రోడ్డు పూర్తయింది. నేను భూపాలపల్లి పోయాను. పులులు కనబడలేదు, మలేరియా మాత్రం వచ్చింది. ఆ తర్వాత మానుకోటలో పని చేశాను, ఇంకా ఎన్నో రోడ్లు వేశాను. ఎక్కడికి పోయినా గూటాలు పాతి నాలుగు రోజులు కావాలనే ఊరుకునేవాణ్ణి. ఎవరైనా జరుపుతారేమోనని చూసేవాణ్ణి. నా కింద పనిచేసినవాళ్లు నన్ను సోమరి అనుకున్నారు.

భూపాలపల్లిలో జ్వరంతో పడుకున్నప్పుడు ఒక పోస్టు కార్డు వచ్చింది. గాజుల చాచా ఎవరిచేతనో రాయించాడు. చెరువు అలుగు దూకిందని, పల్లంలో తుమ్మ చెట్లు సగం మునిగాయని, మిట్ట మీద ఒక్క గోడ కూడా తడవలేదని రాసి ఉంది. కింద ఇంకో రెండు వాక్యాలు. "కోడలి పెనిమిటిని ఇడిసిపెట్టిన్రు. గాయన పోయిననాడు ఊర్ల రోడ్డు లేకుండె, ఇప్పుడు రోడ్డు పట్టుకొని వంక తిరిగి సక్కగ ఇంటికొచ్చిండు." జ్వరంలో ఉన్నానో ఏమో, ఏడ్చాను.

కుర్ర ఇంజనీరు అంతా విన్నాడు. చంకలో ఉన్న తన పటం తీసి నా ముందు పరిచాడు. చెరువు కింద నుంచి కొత్తగా ఒక తిన్నటి గీత ఉంది. దాన్ని పెన్సిలుతోనే గీశాడు, అదృష్టం.

"రబ్బరుందా సార్?" అన్నాడు.

ఇచ్చాను. చెరుపుతూ, "ఆ తాత పేరేంది సార్?" అని అడిగాడు.

అతనికి చెప్పాను. మీకు చెప్పను, ఎవరి పేర్లూ రాయనని ముందే మాట ఇచ్చాను. కానీ మా శాఖ కచ్చేరిలో పాత కాగితాలు ఎలుకలు కొట్టకుండా మిగిలి ఉంటే, ఆ రోడ్డు హాజరు పుస్తకం తీసి చూడండి. మొదటి పుటలో మొదటి వరుస. చేతిరాత నాది.